‘తెలియదు’కి కూడా ఒక బటన్ కావాలి
ఉద్దానం ఉదాహరణతో సర్వే సాఫ్ట్‌వేర్ పాఠం

ఫ్రెండ్స్, ఈసారి టెక్ పాఠంలో ఆన్‌లైన్ సర్వే సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో చూద్దాం. “గూగుల్ ఫారమ్స్ ఉన్నాయి కదా, మళ్ళీ కట్టడం ఎందుకు?” అని ఎవరైనా అడుగుతారు. ఫెస్ట్‌కి టీషర్ట్ సైజులు రాసుకోవడానికైతే నిజంగానే అది చాలు. ఎవరిదైనా సైజు తప్పు పడితే షర్టు కొంచెం బిగుతుగా ఉంటుంది, అంతే. కానీ కొన్ని సర్వేల్లో ఒక గడి తప్పు పడితే దాని మీద పెద్ద పెద్ద నిర్ణయాలు ఆధారపడతాయి. అలాంటి సర్వేకి ఉదాహరణ మన పక్కనే ఉంది. టెక్కలి నుంచి పలాస దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఉద్దానం.

ఈ పాఠంలో డేటాబేస్, ఫారమ్, ఆఫ్‌లైన్, తెలుగు అక్షరాలు అన్నీ వస్తాయి. కానీ అన్నిటి వెనకా ఉన్న పాయింట్ ఒక్కటే: జవాబు చెప్పే మనిషికి తెలియని విషయాన్ని తెలిసినట్టు రాయించే సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

ఉద్దానంలో ప్రశ్నలు ఎందుకు అంత ముఖ్యం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉన్న ఈ ప్రాంతానికి కొబ్బరి, జీడి, పనస తోటల వల్ల ‘ఉద్యానవనం’ అనే మాట నుంచి ఉద్దానం అన్న పేరు వచ్చిందంటారు. ఇప్పుడు ఆ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలు కనపడకుండానే చాలామందికి కిడ్నీలు మెల్లగా పాడవుతున్నాయి. డాక్టర్లు దీన్ని ‘కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి’ అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకీ కూడా ఇలాంటి జబ్బే వస్తోంది.

2020లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ అనే పత్రికలో ఉద్దానం మీద ఒక అధ్యయనం వచ్చింది. దశలవారీగా ఎంపిక చేసిన 2402 మందిని పరీక్షిస్తే దాదాపు 21 శాతం మందికి కిడ్నీ జబ్బు లక్షణాలు కనిపించాయి. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. కారణం ఏంటి? నీళ్ళా, నేలలోని సిలికానా, లోహాలా, పురుగుమందులా, ఎండలో పని చేస్తూ నీళ్ళు తాగకపోవడమా, నొప్పి మాత్రలా, వంశమా? అనుమానాలు చాలా ఉన్నాయి. ఇదీ అని తేలిన ఒక్క కారణం లేదు.

రక్తపరీక్ష ఈ రోజు క్రియాటినిన్ ఎంతో చెబుతుంది. ఇరవై ఏళ్ళ కింద ఆ మనిషి ఏ నీళ్ళు తాగాడో, ఎన్ని గంటలు ఎండలో పని చేశాడో, ఏ మాత్రలు మింగాడో చెప్పదు. అవి మనిషిని అడగాల్సిందే. అడిగింది దాచేది మన సాఫ్ట్‌వేర్. కాబట్టి కారణం వెతికే పనిలో సగం ప్రశ్నపత్రం మీదే ఉంది.

మొదటి స్టెప్: ఒక మనిషి, చాలా సందర్శనలు

మామూలు ఫారమ్ టూల్‌లో ఒక సబ్మిట్ అంటే షీట్‌లో ఒక వరస. ఒక్కో ప్రశ్నకి ఒక్కో కాలమ్. ఇక్కడ అది కుదరదు. ఎందుకంటే కిడ్నీ జబ్బు దీర్ఘకాలికం అని చెప్పాలంటే తేడా మూడు నెలలకి పైగా ఉండాలి. ఒక్కసారి పరీక్ష చేస్తే చాలదు. అదే మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి, రెండు ఫలితాలూ ఒకే మనిషివని సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి.

అందుకని అయిదు టేబుల్స్ పెడదాం. ‘వ్యక్తి’, ‘సందర్శన’, ‘ప్రశ్న’, ‘ఎంపిక’, ‘జవాబు’. ఒక వ్యక్తికి చాలా సందర్శనలు ఉంటాయి. ఒక సందర్శనలో చాలా జవాబులు ఉంటాయి. ప్రతి జవాబూ ఒక ప్రశ్నకి చెందుతుంది. ఆప్షన్లు ఉన్న ప్రశ్న అయితే ఎంపిక తాలూకు కోడ్‌ని దాచాలి, తెలుగు వాక్యాన్ని కాదు. రేపు ‘నుయ్యి’ని ‘బావి’ అని మార్చినా, ఒడియా అనువాదం చేర్చినా కోడ్ మారదు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది ఊహించి చెప్తున్న అవసరం కాదు.

ప్రశ్నకి వెర్షన్ నంబరు కూడా ఉండాలి. సర్వే సగంలో ఉండగా “నొప్పి మాత్రలు వాడతారా?” అన్నదాన్ని “గత 30 రోజుల్లో నొప్పి మాత్రలు వేసుకున్నారా?” అని మారిస్తే అవి రెండు వేరు వేరు ప్రశ్నలు. పాతదాన్ని ఎడిట్ చేస్తే పాత జవాబులన్నీ కొత్త ప్రశ్నకి చెప్పినట్టు అయిపోతాయి. పాతది అలాగే ఉంచి, కొత్త వెర్షన్ చేర్చాలి.

రెండో స్టెప్: ఖాళీ గడి అంటే ఏమిటి?

ఇదే పాఠంలో అసలు భాగం. ‘జవాబు’ టేబుల్లో ఒక గడి ఖాళీగా ఉందనుకోండి. దానికి ఎన్ని అర్థాలు ఉండొచ్చు?

ఒకటి, అడిగారు, ఆయనకి తెలియదు. రెండు, తెలుసు గానీ చెప్పడం ఇష్టం లేదు. మూడు, ఆ ప్రశ్న ఆయనకి వర్తించదు. నాలుగు, అడగడం మర్చిపోయారు, లేదా మధ్యలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. డేటాబేస్‌లో ఈ నాలుగింటినీ ఒకే నల్‌గా దాచేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

సొల్యూషన్ సింపుల్. జవాబు టేబుల్లో ‘విలువ’ పక్కన ‘స్థితి’ అని ఇంకో కాలమ్ పెట్టండి. అందులో ‘చెప్పారు’, ‘సుమారుగా చెప్పారు’, ‘తెలియదు’, ‘చెప్పనన్నారు’, ‘వర్తించదు’, ‘అడగలేదు’ అనే ఆరింటిలో ఒకటి ఉండాలి. స్థితి ‘చెప్పారు’ లేదా ‘సుమారుగా చెప్పారు’ అయితేనే విలువ ఉండాలి, మిగతా వాటికి విలువ ఉండకూడదు అని డేటాబేస్‌లోనే రూల్ రాయండి.

కొంతమంది ఈ కాలమ్ పెట్టకుండా ‘తెలియదు’కి 99 అని కోడ్ ఇస్తారు. అందులో ప్రమాదం చూడండి. “రోజుకి ఎన్ని లీటర్ల నీళ్ళు తాగుతారు?” అని పదిమందిని అడిగాం అనుకుందాం. తొమ్మిది మంది 3 అన్నారు, ఒకరు తెలియదన్నారు. 99ని కూడా కలిపేస్తే సగటు 12.6 లీటర్లు! ఖాళీని సున్నా అనుకుంటే 2.7. అసలు చెప్పాల్సింది: చెప్పిన తొమ్మిది మంది సగటు 3 లీటర్లు, ఒకరికి తెలియదు.

12.6 లాంటి తప్పు చూడగానే దొరికిపోతుంది. దొరకని తప్పే డేంజర్. ఇంకో ఊహా ఉదాహరణ: వంద మందిని నొప్పి మాత్రల గురించి అడిగాం. 30 మంది అవును, 40 మంది కాదు, 30 మంది “నాకేటి తెలుసు బాబూ, ఆర్‌ఎంపీ ఏదో బిళ్ళ ఇస్తాడు, వేసుకుంటాను” అన్నారు. మన ఫారమ్‌లో అవును, కాదు అనే రెండు బటన్లే ఉంటే ఆ 30 మందీ ఎక్కడికి పోతారు? సాధారణంగా ‘కాదు’లోకి. అప్పుడు రిపోర్టులో 30 శాతం వాడుతున్నారని వస్తుంది. వాళ్ళని పూర్తిగా తీసేస్తే 70లో 30, అంటే దాదాపు 43 శాతం. ఒకవేళ ఆ బిళ్ళలన్నీ నొప్పి మాత్రలే అయితే 60 శాతం. మన దగ్గరున్న డేటా నిజంగా చెప్పేది ‘30కీ 60కీ మధ్య’ అని మాత్రమే. ‘తెలియదు’ బటన్ ఉంటే ఈ మాట నిజాయితీగా చెప్పగలం. లేకపోతే 30 అని గట్టిగా చెప్పేస్తాం, అదీ తప్పుగా.

ఇంకో రెండు విషయాలు. ప్రశ్న పక్కన ఎర్ర స్టార్ పెట్టి ‘తప్పనిసరి’ చేసేటప్పుడు ఆలోచించండి. తెలియని మనిషి ముందు ఆ స్టార్ అంటే “ఏదో ఒకటి నొక్కు, లేకపోతే ముందుకి పోనివ్వను” అనడమే. తప్పనిసరి చెయ్యాల్సింది విలువని కాదు, స్థితిని. అలాగే రేడియో బటన్లలో దేన్నీ ముందే సెలెక్ట్ చేసి ఉంచొద్దు. ‘లేదు’ డిఫాల్ట్‌గా ఉంటే అడగని ప్రశ్నకి కూడా జవాబు వచ్చేస్తుంది.

మరి ‘తెలియదు’ అంత ఈజీగా ఉంటే సర్వే చేసేవాళ్ళు తొందరగా అయిపోవడానికి అదే నొక్కుకుంటూ పోరా? పోతారు. అందుకని ఆ ఆప్షన్‌ని పైకి చదవొద్దు అని స్క్రీన్ మీద రాయాలి. వాళ్ళంతట వాళ్ళే అంటేనే నొక్కాలి. నొక్కగానే ఒక సహాయ ప్రశ్న రావాలి: “మాత్రల అట్ట గానీ, డాక్టర్ చీటీ గానీ ఇంట్లో ఉందా? ఒకసారి చూపిస్తారా?” చాలాసార్లు అట్ట చూస్తే పేరు దొరుకుతుంది. అప్పటికీ తెలియకపోతే, తెలియదు. ఏ సర్వేయరు దగ్గర ‘తెలియదు’లు మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువ వస్తున్నాయో చూపించే చిన్న రిపోర్టు కూడా కడితే శిక్షణ ఎక్కడ అవసరమో తెలుస్తుంది.

మూడో స్టెప్: ప్రశ్న రాయడం

ఇంగ్లీష్‌లో ప్రశ్నపత్రం తయారు చేసి ట్రాన్స్‌లేట్ చేసేస్తే తెలుగు ప్రశ్నపత్రం అయిపోదు. “మీ ప్రాథమిక త్రాగునీటి వనరు ఏది?” అంటే ఎవరికి అర్థమవుతుంది? “తాగడానికి నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు?” అని అడిగి, నుయ్యి, బోరు, కుళాయి, క్యాన్ వాటర్ అని ఆప్షన్లు ఇవ్వాలి. విచిత్రం ఏంటంటే ‘క్రియాటినిన్’ని మాత్రం అనువదించక్కర్లేదు. ఉద్దానంలో చదువుకోని పెద్దవాళ్ళు కూడా ఆ మాట వాడతారు. ఏ మాట ఏ ఊళ్ళో నడుస్తుందో డిక్షనరీ చెప్పదు, ఆ ఊరే చెప్పాలి.

ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెట్టొద్దు. “పురుగుమందు కొట్టేటప్పుడు మాస్కూ గ్లౌజులూ వేసుకుంటారా?” అంటే మాస్కు మాత్రమే వేసుకునే ఆయన ఏం చెప్పాలి?

కాలం గురించి అడగడం ఇంకా కష్టం. “2015లో ఏ నీళ్ళు తాగేవారు?” అంటే ఎవరికి గుర్తుంటుంది? కానీ తుపాన్లు మాత్రం ఎవరూ మర్చిపోరు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే, కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి. “తిత్లీకి ముందు ఏ నీళ్ళు? తర్వాత ఏ నీళ్ళు?” అంటే జవాబు వస్తుంది. సర్వే చేసేవాళ్ళు దీన్ని సంఘటనల క్యాలెండర్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఒక టేబుల్‌గా పెట్టొచ్చు: సంఘటన పేరు, నెల, సంవత్సరం. మనిషి “తిత్లీ తర్వాత, మా అమ్మాయి పెళ్ళికి ముందు” అంటే ఆ రెండు తేదీల మధ్య ఉన్న కాలాన్ని దాచాలి, ఒక తేదీని కల్పించకూడదు.

ఇది ఎందుకంటే నీళ్ళ సంగతి ఇక్కడ మారుతోంది. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి పైపుల్లో తాగునీరు ఇచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. “ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారు?” అని ఒక్క ప్రశ్నతో ఆగిపోతే ఈ రోజు కుళాయి నీళ్ళు తాగే మనిషికి జబ్బు ఉందని రాసుకుంటాం. ముప్ఫై ఏళ్ళు తాగిన బోరు నీళ్ళు లెక్కలోకే రావు.

వయసు కూడా తేలిక కాదు. చాలామంది పెద్దవాళ్ళ కార్డుల్లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. కిడ్నీ ఎంత పనిచేస్తుందో లెక్కకట్టే ఫార్ములాలో క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నవి కూడా వెళ్తాయి. వయసు పదేళ్ళు అటూ ఇటూ అయితే ఫలితం కూడా మారుతుంది. అందుకే మన ఆరు స్థితుల్లో ‘సుమారుగా చెప్పారు’ అని ఒకటి పెట్టుకున్నాం.

నాలుగో స్టెప్: దారి మళ్ళే ప్రశ్నలు

“పొలం పని చేస్తారా?” అంటే కాదన్నారు. అయితే పురుగుమందు ప్రశ్నలు అడగక్కర్లేదు. దీన్ని స్కిప్ లాజిక్ అంటారు. ప్రశ్నలని నోడ్స్‌గా, “ఈ జవాబు వస్తే ఆ ప్రశ్నకి వెళ్ళు” అన్నదాన్ని ఎడ్జ్‌గా గీస్తే మనం డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన గ్రాఫే. సైకిల్ ఉండకూడదు, ఉంటే సర్వే ఎప్పటికీ అవ్వదు. ప్రశ్నపత్రం సేవ్ చేసేటప్పుడే టోపలాజికల్ సార్ట్ చేసి చెక్ చెయ్యండి. పరీక్ష కోసం బట్టీ పట్టిన అల్గారిథమ్ ఇక్కడ పనికొస్తుంది!

ఒక ట్రిక్కీ కేస్ ఉంది. ముందు ‘అవును’ నొక్కి, మందు పేరు కూడా రాశాక, “లేదు బాబూ, అది మా తమ్ముడు” అంటే వెనక్కి వెళ్ళి ‘కాదు’ నొక్కారు. మందు పేరు ప్రశ్న స్క్రీన్ మీద కనపడదు, కానీ మెమరీలో జవాబు అలాగే ఉండిపోతుంది. సబ్మిట్ చేస్తే అదీ వెళ్ళిపోతుంది. కాబట్టి సబ్మిట్ టైమ్‌లో గ్రాఫ్‌ని మొదటి నుంచి మళ్ళీ నడిపి, దారిలో లేని ప్రశ్నలన్నిటికీ స్థితి ‘వర్తించదు’ అని పెట్టి విలువ తీసెయ్యాలి. ఈ చెక్ సర్వర్‌లో కూడా ఉండాలి.

అయిదో స్టెప్: సిగ్నల్ లేనప్పుడు

తోటల మధ్య ఉన్న ఇళ్ళ దగ్గర నెట్ ఎప్పుడూ ఉంటుందన్న గ్యారంటీ లేదు. వెబ్ యాప్ అయినా ఆఫ్‌లైన్‌లో పనిచెయ్యాలి. పేజీలని సర్వీస్ వర్కర్‌తో క్యాష్ చేసి, జవాబులని ఇండెక్స్‌డ్‌డీబీలో దాచి, సిగ్నల్ వచ్చాక పంపాలి. ఫోన్‌లో స్పేస్ తక్కువైతే బ్రౌజర్ ఆ డేటాని తుడిచేసే అవకాశం ఉంది, కాబట్టి ముందే పర్సిస్టెంట్ స్టోరేజ్ పర్మిషన్ అడగాలి.

ఇక్కడ డూప్లికేట్ సమస్య వస్తుంది. ఫోన్ పంపింది, సర్వర్ సేవ్ చేసింది, “అందింది” అన్న రిప్లై వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్ మళ్ళీ పంపుతుంది. ఒక మనిషి ఇద్దరవుతాడు. ఫారమ్ తెరవగానే ఫోన్‌లోనే ఒక యూయూఐడీ తయారు చేసి, సర్వర్‌లో దాన్ని యూనిక్ కీగా పెడితే రెండోసారి వచ్చినది పాతదే అని తెలిసిపోతుంది. ఇదంతా సొంతంగా రాసే టైమ్ లేకపోతే ఓడీకే, కోబోటూల్‌బాక్స్ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ ఆఫ్‌లైన్ పనికే పుట్టాయి. వాటి కోడ్ చదవడం కూడా మంచి పాఠమే.

ఆరో స్టెప్: తెలుగు అక్షరాలు

‘కిడ్నీ’ అన్న మాటలో ఎన్ని అక్షరాలు? మనకి రెండు. జావాస్క్రిప్ట్‌కి ఆరు: క, గుడి, డ, పొల్లు, న, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. “ఎక్కువలో ఎక్కువ 50 అక్షరాలు” అని లిమిట్ పెడితే తెలుగు వాళ్ళకి చాలా ముందే బాక్స్ నిండిపోతుంది. లిమిట్ పెద్దగా ఇవ్వండి. సీఎస్‌వీ ఫైల్ డౌన్‌లోడ్ ఇచ్చేటప్పుడు మొదట్లో బామ్ గుర్తు చేర్చండి, లేకపోతే ఎక్సెల్‌లో తెలుగు పిచ్చిగీతల్లా కనపడొచ్చు. తెలుగు టైపింగ్ రానివాళ్ళు ఎక్కువ కాబట్టి టైప్ చేసే ప్రశ్నలు తగ్గించి, నొక్కే ప్రశ్నలు పెంచండి.

ఏడో స్టెప్: పేరు ఎక్కడ దాచాలి?

పేరు తీసేస్తే డేటా సేఫ్ అనుకుంటాం. ఊరు చిన్నది. ‘ఫలానా వీధి, 42 ఏళ్ళు, మగ, డయాలసిస్’ అని ఉంటే చాలు, ఆ ఊరివాళ్ళు ఎవరో చెప్పేస్తారు. జబ్బు సంగతి బయటపడితే ఆ ఇంట్లో సంబంధాలు చూసే టైమ్‌లో ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని పేరు, ఫోన్ నంబరు ఉన్న టేబుల్ వేరుగా, వేరే తాళంతో ఉంచాలి. విశ్లేషణ చేసేవాళ్ళకి వీధి బదులు మండలం, వయసు బదులు ‘40 నుంచి 49’ లాంటి గుంపు ఇవ్వాలి. అవసరం లేని ఆధార్ నంబరు అసలు అడగొద్దు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా సమ్మతిని ముఖ్యంగా పెట్టింది. సమ్మతి అంటే కింద చిన్న అక్షరాల్లో టిక్ బాక్స్ కాదు. “మధ్యలో ఆపేయొచ్చు, చెప్పకపోయినా మీకు వచ్చే వైద్యం ఆగదు” అని తెలుగులో చదివి వినిపించడం.

లింక్ ఫార్వర్డ్ చేస్తే సర్వే అవుతుందా?

సాఫ్ట్‌వేర్ అంతా బాగా కట్టి, లింక్‌ని వాట్సాప్ గ్రూపుల్లో వదిలితే? 1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకి పైగా జవాబులు తెచ్చుకుని, అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ ఘనంగా గెలిచాడు. కార్డులు పంపింది ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళకి, తిరిగి రాసింది అందులో కొంతమందే. మన వాట్సాప్ లింక్ కూడా స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకే అందుతుంది. తోటలో కూలికెళ్ళిన అరవై ఏళ్ళ మనిషికి అందదు, మనం వెతుకుతున్నది ఆయన్నే అయినా. ఉద్దానం అధ్యయనంలో 2402 మందినే చూసినా దానికి విలువ ఉన్నది ఆ మనుషులని ఒక పద్ధతి ప్రకారం ఎంచుకోవడం వల్ల.

ఇప్పుడు మీ వంతు

ఎథిక్స్ కమిటీ అనుమతి, డాక్టర్ల పర్యవేక్షణ లేకుండా ఆరోగ్య సర్వే మాత్రం చెయ్యొద్దు. ప్రాక్టీస్‌కి హాస్టల్ మెస్ ఉంది కదా! “వారంలో ఎన్ని రోజులు టిఫిన్ మానేస్తారు? ఎందుకు?” అని పది ప్రశ్నల సర్వే కట్టండి. అయిదు టేబుల్స్, ఆరు స్థితులు, ఒక గ్రాఫ్ చెక్, ఆఫ్‌లైన్ సేవ్, ఇంతే. రూమ్ నంబర్ల లిస్టు నుంచి లాటరీ తీసి 40 మందిని ఎంచుకోండి. చివర్లో ‘తెలియదు’ ఎంతమందో వేరే వరసలో చూపించండి.

మన చదువంతా జవాబు తెలిసిన వాళ్ళకే మార్కులిచ్చింది. అందుకే ఖాళీ వదలాలంటే మనకి భయం. ఎంసీక్యూలో కూడా ఏదో ఒకటి నొక్కేసి వస్తాం. ఉద్దానం జబ్బు పేరులోనే ‘కారణం తెలియని’ అని ఉంది. డాక్టర్లు సిగ్గుపడకుండా ఆ మాట పేరులో పెట్టుకున్నారు కాబట్టే ఇంకా వెతుకుతున్నారు. మనం కట్టే ఫారమ్‌లో కూడా ఆ మాటకి ఒక బటన్ ఇద్దాం.